పక్క గడిలో బొమ్మ

స్లైడ్ షోలు చేసిపెట్టడం నా వృత్తి. ఇదీ ఒక వృత్తేనా అని చాలామందికి అనుమానం. మా బావగారైతే మొహం మీదే అడిగేస్తారు, "ఫొటోలు ఒకదాని వెనక ఒకటి పెట్టినందుకు కూడా డబ్బులిస్తారా మరదలా?" అని. ఇస్తారు. పెళ్ళి రిసెప్షన్లకీ, కంపెనీ మీటింగులకీ, రిటైర్మెంట్లకీ, సంతాప సభలకీ కూడా పిలిచి మరీ ఇస్తారు. ఇప్పుడు మనిషి జీవితంలో ఏ ముచ్చటైనా తెర మీద పడితే తప్ప జరిగినట్టు కాదు.

నా షాపంటే జెరాక్స్ కొట్టు పైన ఒక గది. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, గాలి తక్కువా మోత ఎక్కువా ఉండే ఒక ఏసీ. పైకి రావడానికి ఇనప మెట్లు. పిల్లి ఎక్కినా అవి కిర్రుమంటాయి కాబట్టి కాలింగ్ బెల్లు పెట్టించాల్సిన అవసరం రాలేదు. వచ్చేవాళ్ళకి ఒకటే కోరిక. ప్రతి అక్షరం గిర్రున తిరుగుతూ రావాలి, ప్రతి ఫొటో ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చి వాలాలి. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేదాకా వీళ్ళు ఊరుకోరు. నేనూ వద్దనను. తిప్పమంటే తిప్పుతాను.

ఈ పనిలో ఎవరూ ఖాళీ ఫైలుతో మొదలుపెట్టరు. పాత షో ఒకటి తీసి, కాపీ చేసుకుని, అందులో ఫొటో మీద నొక్కి "చేంజ్ పిక్చర్" అంటాం. పాత బొమ్మ పోయి కొత్త బొమ్మ అదే చోట, అదే చట్రంలో కూర్చుంటుంది. పాతది ఎలా వచ్చేదో ఇదీ అలాగే వస్తుంది, అది ఎలా మాయమయ్యేదో ఇదీ అలాగే మాయమవుతుంది. సగం రోజు పని కలిసొస్తుంది. నాకు ఈ విద్య నేర్పిన మాస్టారూ అలాగే చేసేవారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పేవారు. "సంతాప సభ ఫైలు మీద బతికున్నవాళ్ళ షో కట్టకు." ఎందుకని అడిగితే, "కట్టకూడదంతే" అని కళ్ళద్దాలు తుడుచుకునేవారు. చనిపోయిన తేదీ ఏ మూలో చెరపడం మర్చిపోతామేమోనని ఆయన భయమనుకున్నాను. తేదీలు చూసుకుని చెరిపితే సరిపోతుంది కదా అని నా తెలివి.

మా అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే పెంచింది. నా చదువయ్యేదాకా పెళ్ళి మాటెత్తనివ్వలేదు. చివరికి బావగారు వచ్చి అడిగితే, "మా చెల్లెలు కూడా మనతోనే ఉంటుంది, ఇష్టమైతే చెప్పండి" అందట. ఆయన ఇష్టమే అన్నారు. నేను ఇప్పటికీ వాళ్ళింట్లోనే తింటాను, వాళ్ళింట్లోనే పడుకుంటాను, పెళ్ళి చేసుకోలేదేమని అక్కచేతే తిట్లు తింటాను. ఈ లోకంలో నాకున్నది అక్క ఒక్కతే. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

అక్క ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయింది. సెండాఫ్‌కి షో నేనే చెయ్యాలని ముందే చెప్పింది.

"తిరిగేవీ ఎగిరేవీ ఏం వద్దే చిన్నీ. నాకు వికారం. మెల్లగా రావాలి, మెల్లగా పోవాలి."

అంత మెల్లగా నడిచే ఫైలు నా దగ్గర ఒక్కటే ఉంది. కొన్ని నెలల కింద ఒక టైపు టీచరు సంతాప సభకి చేసింది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, జీవితమంతా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిందట. శిష్యులే సభ పెట్టారు. ఆ షో చివర్లో ఒక చిన్న అపశ్రుతి. ఆఖరి ఫొటో రావలసిన వేళకి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇక చాల్లెండి అన్నారు. నేనూ వైర్లు చుట్టేసుకుని వచ్చేశాను.

ఆ ఫైలునే కాపీ చేశాను. టీచరు బడికెళ్ళే ఫొటో ఉన్నచోట అక్క బడికెళ్ళే ఫొటో. టీచరు మిషన్ ముందు కూర్చున్నచోట అక్క స్టోర్సు కౌంటర్లో. టీచరు శాలువా కప్పుకుని నవ్వుతున్న ఆఖరి ఫొటో చోట అక్క నవ్వుతున్న ఫొటో. తేదీలన్నీ చెరిపాను. రెండోసారి చూసుకున్నాను. మాస్టారి మాట గుర్తుకు రాకపోలేదు. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో ఫైలుకేం తెలుస్తుందిలే అని నవ్వుకున్నాను కూడా.

సభ మధ్యాహ్నం పెట్టారు. ఫ్యాక్టరీ మీటింగు హాలు పొడుగ్గా రైలుపెట్టెలా ఉంది. ఆ చివర తెర, ఈ చివర నా బల్ల. మధ్యలో రెండు పక్కలా కుర్చీల వరసలు, వాటి నడుమ మనిషి నడిచేంత దారి. అక్క మొదటి వరసలో, దారి పక్క కుర్చీలోనే కూర్చుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. బావగారు తన పక్కన కూర్చోకుండా వెనక్కి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఈరోజుకి నేను నీ అసిస్టెంటుని" అన్నారు.

"ముట్టుకోకుండా కూర్చుంటే పెద్ద సాయం" అన్నాను.

ఎవరో కిటికీల తెరలు లాగారు. రింగులు కర్రుమంటూ ఇనప కడ్డీ మీద జారాయి. లైట్లు ఆర్పారు. బయట ఎండ మండిపోతోంది, లోపల మాత్రం మనిషికి మనిషి కనపడనంత చీకటి. ప్రొజెక్టరు వేడెక్కుతుంటే కాలిన దుమ్ము వాసన. ఉతికి ఏళ్ళయిన కిటికీ తెరల ముక్కిన వాసన. ప్రొజెక్టరు ఫ్యాను సన్నగా రొద పెడుతోంది. ఇదంతా నాకు రోజూ ఉండేదే, ఈ చీకట్లో నాకు హాయిగానే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షో నడిచేటప్పుడు జనానికి తెర మీద ఒక్క స్లైడే కనిపిస్తుంది. నా లాప్‌టాప్‌లో రెండు కనిపిస్తాయి. పెద్ద గడిలో ఇప్పుడు తెర మీదున్నది, పక్కనున్న చిన్న గడిలో తర్వాత రాబోయేది. ముందేం రాబోతోందో ఆ హాలంతటిలో తెలిసేది నాకొక్కదానికే.

మొదటి ఫొటోకే హాలు గొల్లుమంది. రెండు జడలు, ముందు పన్ను లేని నోరు. అక్క వెనక్కి తిరిగి, చీకట్లోనే నాకు వేలు చూపించి బెదిరించింది. తర్వాతిది, ఆ తర్వాతిది. ఫొటోలు మంచులోంచి వచ్చినట్టు మెల్లగా తేలుతున్నాయి, మెల్లగా కరిగిపోతున్నాయి. చాలా బాగా వచ్చిందని నాకు నేనే మురిసిపోయాను.

అప్పుడు పక్క గడి వంక చూశాను.

అందులో అక్క ఉద్యోగంలో చేరిన రోజు ఫొటో ఉండాలి. లేదు. ఒక చీకటి గది ఉంది. కుర్చీల వరసలు, వాటి పైన తలల నల్లటి గుండ్రాలు, దూరంగా తెల్లటి తెర. ఈ హాలే. నేను కూర్చున్న చోటునుంచి తీసినట్టుంది.

ఇది నేను పెట్టింది కాదు. ఫ్యాక్టరీవాళ్ళు ఏదో తమాషాకి దూర్చారనుకున్నాను, కానీ లాప్‌టాప్ పొద్దుటినుంచి నా సంచిలోనే ఉంది. సరే, ఏమవుతుందో చూద్దామని బటన్ నొక్కాను. తెర మీదికి అక్క ఉద్యోగంలో చేరిన ఫొటోనే వచ్చింది. చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

పక్క గడిలో మళ్ళీ హాలు. ఈసారి నడిచే దారిలో ఒక మనిషి నిలబడి ఉంది. నా బల్లకి దగ్గర్లో, వీపు ఇటు పెట్టి.

తలెత్తి చూశాను. దారి ఖాళీగా ఉంది.

"బావగారూ" అన్నాను గొంతు తగ్గించి. "ఈ చిన్న గడిలో మీకేం కనిపిస్తోంది?"

ఆయన ముందుకి వంగారు. "మా పెళ్ళి ఫొటో. నా జుట్టు చూడు, అడవి. ఇప్పుడు చూస్తే ఎడారి."

"ఇంకేం లేదా?"

"ఇంకేం కావాలి?"

నొక్కాను. పెళ్ళి ఫొటో వచ్చింది. హాలంతా ఈలలు వేశారు. పక్క గడిలో ఆ మనిషి ఒక వరస ముందుకి వెళ్ళింది. తెల్లటి ముడి. భుజాల మీద శాలువా. చేతులు పక్కలకి వేలాడేసి ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఊరికే లేవు. ఫొటోలో వేళ్ళు కదలవు, నాకు తెలుసు. కానీ చూసిన ప్రతిసారీ వేరే వేలు వంగి ఉంది. చిటికెన వేలు… ఉంగరం వేలు… నడిమి వేలు… గాల్లో అక్షరాలు కొడుతున్నట్టు.

ఆ శాలువా నాకు తెలుసు. పాత ఫొటోలో రంగు వెలిసిపోతే దాన్ని నేనే బాగుచేశాను.

పొరపాటే, కళ్ళు అలిసిపోయాయంతే అనుకుంటూ వెనక్కి వెళ్ళే బటన్ నొక్కాను. తెర మీద పాత ఫొటో వెనక్కి వచ్చింది. పక్క గడిలో మనిషి వెనక్కి రాలేదు. ఇంకో వరస ముందుకి వెళ్ళింది. షో ఆపే బటన్ నొక్కాను. షో ఆగలేదు. ఇంకో వరస… నేనేం నొక్కినా ఆమెకది ఒక అడుగే.

ఆ దారిలో ముందుకి వెళితే ఎవరున్నారో నాకు వేరే చెప్పక్కర్లేదు.

లాప్‌టాప్ మూసేద్దామని మూత మీద చెయ్యి వేశాను. మూయడం కూడా నొక్కడమే అయితే? చెయ్యి తీసేశాను. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ఆమె ఆగింది. నేను కదలకపోతే ఆమె కదలదు. అలా ఎంతసేపని? తెర మీద ఒకే ఫొటో నిలిచిపోయింది. ముందు దగ్గులు మొదలయ్యాయి, కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఏమమ్మా, ఆగిపోయిందా?" అన్నారు ముందునుంచి మేనేజరుగారు.

"బావగారూ" అన్నాను. "దీన్ని ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను. నేను అక్క దగ్గరికి వెళ్ళొస్తాను."

"ఇప్పుడా? ఎందుకు?"

లేచాను. అక్కని ఆ కుర్చీలోంచి లేపేస్తే చాలు, చెయ్యి పట్టి బయట ఎండలోకి లాక్కుపోతే చాలు. అంతకంటే ఇంకేమీ తోచలేదు.

దారిలోకి అడుగుపెట్టాను. ఖాళీగానే ఉంది. రెండు వరసలు దాటేసరికి ఒక వాసన వచ్చింది. టైపు మిషన్ రిబ్బను వాసన, నూనె, సిరా కలిసిన వాసన. నా ముందు ఎవరో నిలబడి ఉన్నారు. కనపడటం లేదు, కానీ ఉన్నారు. ఇంకో అడుగేస్తే ఆ భుజం తగులుతుందని నా ఒళ్ళు వెనక్కి లాగింది. కుర్చీల వెనక భాగాలు పట్టుకుని నిలబడ్డాను.

"తర్వాతది వెయ్యండి" అన్నారెవరో.

వెనకనుంచి బావగారి గొంతు వినబడింది. పాపం, సాయం చేద్దామనే. "నేనున్నానుగా, నేను నొక్కుతానుండండి."

"వద్దు…" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

టక్.

తెర మీద కొత్త ఫొటో. జనం నవ్వారు. నా ముందున్న చల్లదనం ఒక అడుగు దూరం జరిగింది.

టక్.

పరుగెత్తాలి. కాళ్ళు వినలేదు. ఒక్కో కుర్చీ పట్టుకుంటూ, మనుషుల భుజాలు రాసుకుంటూ నడిచాను. "కూర్చోమ్మా, అడ్డం" అని ఎవరో విసుక్కున్నారు.

టక్… టక్…

అక్క ఇటు తిరిగింది. తెర వెలుగు తన చెంప మీద పడుతోంది. "ఏమే చిన్నీ, ఏంటి అలా ఉన్నావ్?" అంది. చెయ్యి చాచాను. రెండు కుర్చీల దూరం. అంతే.

టక్.

ఆఖరి ఫొటో వచ్చింది. అక్క నవ్వుతున్న ఫొటో. మెల్లగా తేలింది, తెర నిండా నిలబడింది, మెల్లగా కరగడం మొదలుపెట్టింది. మొదట చీర రంగు పోయింది, తర్వాత చేతులు, తర్వాత నవ్వు. ఆ తర్వాత తెర మీద ఏమీ లేదు. హాలు నిండా చీకటి. ఆ చీకట్లో నా చేతికి అక్క భుజం తగిలింది. ఒక్క క్షణం గట్టిగా వణికి, ఆగిపోయింది.

లైట్లు వేశారు. చప్పట్లు మారుమోగాయి. అక్క కుర్చీలోనే ఉంది. నా చెయ్యి తన భుజం మీదే ఉంది. తలెత్తి నా మొహం చూసింది. కొత్తగా వచ్చిన పిల్లని చూసినట్టు, శాంతంగా.

"పక్కకి జరుగు అమ్మాయ్" అంది. "వెనకవాళ్ళకి కనపడదు."

నన్ను అక్క ఏనాడూ అమ్మాయ్ అనలేదు.

ఇంటికొచ్చాం. అన్నం వండింది. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. బావగారి మందుబిళ్ళలు వేళకి ఇచ్చింది. ఎవరు చూసినా అక్కే. మోచేతి దగ్గర కాలిన మచ్చ అలాగే ఉంది. చిన్నప్పుడు నా మీద గంజి ఒలకబోతే తను అడ్డం పెట్టిన చెయ్యి అది. కానీ చిన్నీ అని పిలవడం లేదు. తీరిగ్గా కూర్చుంటే చాలు, కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడతాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు… వరస తప్పకుండా.

బావగారిని అడిగాను. "రిటైరయిన మనిషి, చేతులు ఊరుకుంటాయా" అని నవ్వేశారు. కొన్ని రోజులయ్యాక ఆయనే నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నిద్రలో కూడా కొడుతోందమ్మా" అన్నారు. ఈసారి నవ్వలేదు.

ఆ మర్నాడు షాపుకి వెళ్ళి ఆ ఫైలు తెరిచాను. అప్పటిదాకా దాని జోలికి పోలేదు. చీకటి ఇంకా పడలేదు, కింద జెరాక్స్ మిషన్ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. షో మొదలుపెట్టాను.

పక్క గడిలో హాలు కనిపించింది. కుర్చీలన్నీ ఖాళీ. దూరంగా, తెర ముందు, ఆకుపచ్చ చీరలో అక్క నిలబడి ఉంది. ఇటు తిరిగి ఉంది. నన్నే చూస్తోంది.

నాకు ఏడుపు ఆగలేదు. గడిని వేలితో తడిమాను. నా గోరంత ఉంది అక్క.

బటన్ నొక్కాను. అక్క ఒక వరస ఇటు వచ్చింది. ఇంకోటి నొక్కాను. ఇంకో వరస. అప్పుడు నాకు అర్థమైంది. ఆ టీచరు ఒక్కో అడుగూ వేసి అక్క కుర్చీ చేరుకుంది. అక్క కూడా ఒక్కో అడుగూ వేస్తే నా కుర్చీ చేరుకుంటుంది. చేరుకుంటే నేనెక్కడికి పోతానో తెలియక కాదు. పోతే పోయాను. ఎవరికోసం ఉండాలి నేనిక్కడ?

నొక్కాను. అక్క మొహం కాస్త తెలుస్తోంది. నవ్వడం లేదు. నొక్కాను. చెయ్యెత్తింది, అరచెయ్యి నాకు చూపించింది. వద్దంటోంది. నాకోసం భయపడుతోందనుకున్నాను.

"నోర్మూసుకుని రా అక్కా" అన్నాను ఏడుస్తూనే. "ఈ ఒక్కసారి నా మాట విను."

నొక్కాను. నొక్కాను. అక్క మొహం గడి నిండా వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, ఒక్కో నొక్కుకి ఒక్కో ఆకారం. కళ్ళు మాత్రం నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూస్తున్నాయి.

రిబ్బను వాసన వచ్చింది.

"భోజనానికి రాలేదేం అమ్మాయ్?"

మెట్లు కిర్రుమనలేదు. ఎప్పుడు ఎక్కిందో తెలీదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తెర వంక చూసింది. బావగారిలా కాదు, ఆమెకి కనిపించింది.

"బాగా దగ్గరికి వచ్చేసిందే" అంది.

ఇక దాచడానికి ఏముంది. రెండు చేతులూ జోడించాను. "మా అక్కని ఇచ్చెయ్యండి" అన్నాను. అక్క మొహంతో ఉన్న మనిషిని అండీ అని పిలవాల్సి వచ్చింది. "కావాలంటే నన్ను తీసుకోండి. తనేం పాపం చేసిందండీ?"

"ఎవరూ ఏ పాపమూ చెయ్యలేదమ్మా." గొంతు చాలా మెత్తగా ఉంది. "ఆ చీకట్లో నిలబడి చూడు తెలుస్తుంది. ఆఖరి ఫొటో వేస్తారు, వేస్తారు అని చూశాను. లేచి వెళ్ళిపోయారు. ఒక్కళ్ళూ వెనక్కి తిరగలేదు."

చెయ్యి చాపి వెనక్కి వెళ్ళే బటన్ మీద వేలు పెట్టింది. నొక్కింది. అక్క ఒక అడుగు వెనక్కి వెళ్ళింది.

నేను నొక్కినప్పుడు ఎప్పుడూ వెనక్కి వెళ్ళలేదు.

"ఆగండి…"

నొక్కింది. తడబాటు లేదు, తొందర లేదు. ఒకే వేగం. అక్క వెనక్కి… ఇంకా వెనక్కి… చేతులు నా వైపు చాపి వెనక్కి. నేను ఆ చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. కొరకాలి, కొట్టాలి, ఏదైనా చెయ్యాలి. నా కళ్ళ ముందు మోచేతి దగ్గర కాలిన మచ్చ. అది అక్క చెయ్యి. నాకోసం గంజికి అడ్డం పెట్టిన చెయ్యి. దాన్ని ఎలా కొట్టను? పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అది నొక్కుతూనే ఉంది.

అక్క మళ్ళీ గోరంత అయింది. తెర పక్కన ఒక తలుపుంది. దాని దగ్గర ఆగింది. ఇంకో నొక్కుకి లేదు.

హాలు ఖాళీ.

"ఏడవకు" అంది. నా జుట్టు సరిచేసింది. అక్క సరిచేసినట్టే సరిచేసింది. "అన్నం చల్లారిపోతుంది. ఆయన ఎదురుచూస్తుంటారు. తొందరగా రా."

లేచింది. నేను తలెత్తలేదు. పక్క గడి వంకే చూస్తున్నాను, అక్క మళ్ళీ వస్తుందేమోనని. గడిలో హాలు పోయింది. ఇంకో గది వచ్చింది. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, ఒక కుర్చీలో వీపు ఇటు పెట్టి నేను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెనక గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగ్గా ఉన్నాడు. ఎవరో నాకు తెలీదు.

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో ఆమె ఒక్కతే ఉంది, చెప్పులు వేసుకుంటోంది.

"ఇతనెవరు?" అన్నాను.

"నాకేం తెలుసు?" అంది. "నీ దగ్గర పోయినవాళ్ళ ఫైళ్ళు ఎన్నున్నాయో నీకే తెలియాలి."

వెళ్ళిపోయింది. మెట్లు చప్పుడు చెయ్యలేదు. కింద జెరాక్స్ మిషన్ కూడా ఆగిపోయింది. నేను బటన్ల మీదినుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. నొక్కకపోతే ఎవరూ కదలరు. అది నాకు తెలుసు. నేను నొక్కను. తెల్లవార్లూ ఇలాగే కూర్చోమన్నా కూర్చుంటాను.

ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వేలు కూడా కదపలేదు.

గడిలో బొమ్మ మారింది.